మా అమ్మాయితో తెలుగు మాట్లాడించిన సైన్స్ సార్

మా స్కూల్లో సైన్స్ సార్ పోయారన్న సంగతి నాకంటే ముందు మా అమ్మాయికి తెలిసింది. ఆదివారం పొద్దున్న టీ గ్లాసు చేత్తో పట్టుకుని స్టాఫ్ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూశాను. హిందీలో రెండే లైన్లు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పిల్లకు ఎలా చెప్పాలా అనుకుంటూ గది తలుపు తోస్తే, అది అప్పటికే మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. పదో తరగతి పిల్లల గ్రూపులో పావుగంట ముందే వచ్చిందట. పదకొండేళ్లు స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీలో కూర్చున్న నాకు ఆ కబురు పిల్లల తర్వాత అందింది. అంత దుఃఖంలోనూ నాకు ఉక్రోషం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, నా కుళ్లుమోతుతనం గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నా వల్ల కాదు.

మా బడి పహాడ్‌గంజ్ వెనక సందుల్లో ఉంటుంది. పొద్దున్న గేటు దాకా చేరాలంటే సంచుల మూటలు మోసే తోపుడు బళ్ల మధ్య నుంచి పక్కకి తిరిగి నడవాలి. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో బ్యాగులు కుడతారు, మిగతావాళ్ల నాన్నలు హోటళ్లలో వంటవాళ్లో రిక్షావాళ్లో. స్టాఫ్ మొత్తంలో తెలుగువాళ్లం ఇద్దరమే. ఆయనది కరీంనగర్ వైపు, నాది తెనాలి. ఆయన సైన్స్, నేను లెక్కలు. నా క్లాసులో సూది పడినా వినిపిస్తుంది. ఆయన క్లాసు గోల రెండు అంతస్తుల దాకా వినిపించేది. ప్రిన్సిపల్‌గారు నా క్లాసు ముందు ఆగి మెచ్చుకోలుగా తలూపి వెళ్లేవారు. పిల్లలు మాత్రం బెల్లు కొట్టగానే ఆయన ల్యాబ్ వైపు పరుగెత్తేవాళ్లు.

టీచర్లెవరైనా సెలవు పెడితే వాళ్ల పీరియడ్ ఇంకొకరి నెత్తిన పడుతుంది. దాన్ని మేం అరేంజ్‌మెంట్ అంటాం. పొద్దున్నే రిజిస్టర్‌లో మన పేరు పక్కన అది కనిపించిందా, ఆ రోజు తగలడినట్టే. నేనైతే ఆ పీరియడ్‌లో పిల్లల చేత ఎక్కాలు రాయించి పేపర్లు దిద్దుకునేవాణ్ణి. ఆయన అలా కాదు. వెళ్లి ఆఖరి బెంచీ మీద కూర్చుని, "ఆజ్ ముఝే కౌన్ పఢాయేగా?" అని అడిగేవారు. ఇవాళ నాకెవరు పాఠం చెప్తారు అని. పిల్లల్లో ఒకరు బోర్డు దగ్గరికి రావాలి, వాళ్లకు వచ్చిన పని ఏదైనా నేర్పాలి. మూడుసార్లు తొమ్మిది తప్పిన ఒక కుర్రాడు ఆయనకు బ్యాగు జిప్పు బిగించడం నేర్పడం నేను వరండాలోంచి చూశాను. సార్ రెండుసార్లు తప్పు బిగిస్తే వాడు విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చూపించాడు. నా క్లాసులో ఆ కుర్రాడు తలెత్తగా నేనెప్పుడూ చూడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. అరేంజ్‌మెంట్ పీరియడ్లను సైన్స్ సార్ ఆటలకింద మార్చేస్తున్నారని ప్రిన్సిపల్‌గారి చెవిన వేశాను. ఆవిడ నిజమే అని తలూపి, ఆయన అరేంజ్‌మెంట్లలో సగం తీసి నాకు రాసిచ్చారు. చెరపకురా చెడేవు అని ఊరికే అన్నారా? నా ఫిర్యాదు సంగతి ఆయనకు తెలిసింది. తెలిసీ, నాకు జలుబు చేసిన రోజున నా పీరియడ్ కూడా తనే తీసుకున్నారు.

పేరెంట్స్ మీటింగ్ రోజైతే మరీ ఘోరం. సగం రోజు కూలి వదులుకుని వచ్చిన తల్లులు ఆయన బల్ల ముందు వరసలో నిలబడేవాళ్లు. నా బల్ల ముందుకు తప్పదు కాబట్టి వచ్చి, మార్కులు చూసి, నమస్తే పెట్టి పోయేవాళ్లు. సైన్స్‌లో మార్కులు తేలిగ్గా పడతాయి, లెక్కల్లో పడవు, అందుకే ఈ తేడా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఇదంతా ఉద్యోగంలో ఉండే మామూలు ఏడుపే. అసలు ఏడుపు మా అమ్మాయిని తొమ్మిదిలో మా బడిలోనే చేర్చిన తర్వాత మొదలైంది. కళ్లముందు ఉంటుందని చేర్చాను. చిన్నప్పుడు అది తెలుగు గలగలా మాట్లాడేది. పదేళ్ల వయసులో బంధువుల ముందు ఏదో తప్పు పలికింది. నేను పడీపడీ నవ్వాను. నవ్వి ఊరుకున్నానా, జనక్‌పురిలో మా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఆ ముచ్చట చెప్పాను. ఆ తర్వాత అది మెల్లగా హిందీలోకి జారిపోయింది. అన్నం తిన్నావా అంటే ఖా లియా, ఎక్కడికి అంటే యహీఁ. ఢిల్లీలో పెరిగిన పిల్లలంతా ఇంతే అని నేను ఊరిని తిట్టుకున్నాను.

ఒకరోజు ల్యాబ్ ముందు నుంచి పోతుంటే లోపల ఒక ఆడపిల్ల తెలుగు వినిపించింది. "నాకు సమజ్ కాలే సార్, మల్ల జెప్పుండ్రి" అంటోంది. మా పిల్లే. తెనాలివాడి కడుపున పుట్టి కరీంనగర్ తెలుగు మాట్లాడుతోంది. మధ్యలో సగం హిందీ, సగం తప్పులు. ఆయన ఏదీ దిద్దడం లేదు. ఆ సాయంత్రం మెట్రోలో తెలుగులో పలకరించి చూశాను. కిటికీ వైపు చూస్తూ హిందీలో జవాబిచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. సొంత కూతురి నోటి మాట పక్కింటి రేడియోలాగా దూరం నుంచి వినాల్సి వచ్చిందే అనిపించింది.

సోమవారాలు ఆయన వాళ్ల వైపు రొట్టె సర్వపిండి చేసుకుని తెచ్చేవారు. మొదటి ముక్క మా అమ్మాయికి. అది ఇంటికొచ్చి వాళ్లమ్మను అలాంటిదే చేయమంది. దిబ్బరొట్టె లేదా మన ఇంట్లో అని నేను కసిరాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

ఆయన పోవడానికి మూడు వారాల ముందు, బడి వదిలాక కూడా అది ల్యాబ్‌లోనే అరగంట ఉండిపోయింది. బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైందంటే కుఛ్ నహీఁ అంది. మర్నాడు స్టాఫ్‌రూములో ఆయన్నే పట్టుకున్నాను. ఏం చెప్పింది సార్ మా అమ్మాయి అని అడిగాను. అది ఆమే చెప్పాలి, తను చెబితే బాగుండదు అన్నారు.

"నేను దాని తండ్రినండీ" అన్నాను.

"అందుకే సార్. తండ్రికి జెప్పుడే కష్టం. జర సప్పుడు జెయ్యకుండ పక్కన కూసోండ్రి. ఆమె మాట దిద్దకుండ్రి. దిద్దుడు రేపు జెయ్యొచ్చు, ఇనుడు ఇయ్యాల్నే జెయ్యాలె."

నా పిల్లను ఎలా పెంచుకోవాలో మీరు నేర్పక్కర్లేదని గట్టిగానే అన్నాను. పక్కనున్న టీచర్లకు తెలుగు రాకపోయినా మేం కొట్లాడుకుంటున్నామని అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయనతో మాటలు మానేశాను. మిగతా అందరికీ వినపడేలా గుడ్‌మార్నింగ్ చెప్పి ఆయన్ను దాటిపోయేవాణ్ణి. సోమవారం వచ్చినప్పుడల్లా నా బల్ల మీద సర్వపిండి ముక్క కాగితంలో చుట్టి ఉండేది. ఆయన క్లాసుకు వెళ్లాక తినేవాణ్ణి. చాలా బాగుండేది. ఆ మాట ఆయనతో అనలేదు, ఇక అనే వీలూ లేదు.

ఆ ఆదివారమే మా అమ్మాయితో పటేల్ నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లేసరికి సందు నిండా మా పిల్లలు. ఎవరు చెప్పారో ఏమో, అందరూ యూనిఫాంలో వచ్చారు. చదువు మానేసి దుకాణం పెట్టుకున్న జిప్పు కుర్రాడు షట్టర్ దించి వచ్చాడు. మంచి గిరాకీ ఉండే రోజు. నేను పోతే వీళ్లలో ఎంతమంది వస్తారని నిలబడి లెక్కేశాను. నా చేతి వేళ్లన్ని మంది కూడా తేలలేదు. ఆయన భార్య మా అమ్మాయిని ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. నన్ను చూసి, "గీ బిడ్డ వాళ్ల నాయినవా నువ్వు?" అంది. పదకొండేళ్ల పక్క కుర్చీ కాస్తా పక్కకు పోయి, ఆ ఇంట్లో నేను ఆ పిల్ల తండ్రిగా మాత్రమే మిగిలాను.

దహనానికి ఘాట్‌కు వెళ్లి తిరిగొచ్చి, మా అమ్మాయిని తీసుకుని మధ్యాహ్నం మెట్రో ఎక్కాను. బండి ఖాళీగా ఉంది. పక్కపక్కన కూర్చున్నాం. మోతీ నగర్ దాటాక అది తన బూట్ల వైపు చూస్తూ అంది.

"డాడీ, నేను పదకొండుల లెక్కలు తీసుకోను. సైన్స్ గూడ తీసుకోను. సార్‌కు జెప్పిన. మీ నాయినకు నువ్వే జెప్పాలె అన్నడు. నాకు డర్ అయింది."

లెక్కల మాస్టారి కూతురు లెక్కలు వద్దంటోంది. లెక్కలు లేకుండా ఏం చేసి బతుకుతావన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే, భయం వేసింది అనాలమ్మా అన్న దిద్దుబాటు కూడా వచ్చింది. రెండూ మింగాను. మింగడం అంత తేలిక కాదు. "ఊఁ, చెప్పు" అన్నాను.

అది చెప్పింది. నేను పెట్టే లెక్కల పరీక్ష ఉన్న రోజుల్లో పొద్దున్నే బాత్రూంలో కుళాయి విప్పి వాంతి చేసుకుంటుందట, చప్పుడు మాకు వినపడకుండా. హిస్టరీ చదవాలని ఉందట. మన బడి సందుల్లోకి మనుషులు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో తెలుసుకోవాలని ఉందట. ఇవన్నీ సార్ విన్నారట, సైన్స్ తీసుకోను అన్నందుకు బాధపడలేదట, హిస్టరీలో ఏం చదవాలో తననే అడిగి కాగితం మీద రాసుకున్నారట. ఏడుపు మధ్యలో హిందీ, హిందీ మధ్యలో తెలుగు. ఆ తెలుగులో ఒక్క ముక్క కూడా నాది కాదు. అన్నీ ఆయన ఇచ్చినవే. పోయిన మనిషి మీద నాకు అప్పటికీ అసూయగానే ఉంది. అంతే కృతజ్ఞతగానూ ఉంది, ఆ రెంటినీ విడదీయడం ఇన్నాళ్లయినా నాకు చేతకావడం లేదు.

జనక్‌పురి వెస్ట్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అది గమనించలేదు, చెబుతూనే ఉంది. దిగాలని నేను ఒక్క మాటంటే చాలు, కళ్లు తుడుచుకుని లేచి, హిందీలో పదండి అనేస్తుంది. నేను కదల్లేదు. తలుపులు మూసుకున్నాయి. మా ఇంటి స్టేషను కిటికీలోంచి వెనక్కి పోతుంటే, నేను మా అమ్మాయి మొహం వైపే చూస్తూ కూర్చున్నాను.