మా చేను మూల, నా లంబకోణం

పదో తరగతి చదివే ఆ రోజుల్లో ఉన్నంత ధైర్యం నాకు మళ్ళీ ఏ వయసులోనూ రాలేదు. పైథాగరస్ సిద్ధాంతం అప్పుడే కొత్తగా వచ్చింది. కొత్త చెప్పులు వేసుకున్న పిల్ల వాకిట్లో ఊరికే తిరిగినట్టు, కనిపించిన ప్రతి మూల మీదా దాన్ని ప్రయోగించేదాన్ని. మా లెక్కల సారు బోర్డు మీద త్రిభుజం గీసి, "గిది ఏం త్రిభుజం?" అని అడిగేవాడు. మేం "లంబకోణ త్రిభుజం సార్" అని అరిస్తే, "నీకెట్ల ఎర్క? మూలకు డబ్బ గుర్తు పెట్టిన్నా? తొంభై అని రాసిన్నా? సూస్తే గట్ల కనబడుతది, అంతే" అని మా ఉత్సాహం మీద నీళ్ళు చల్లేవాడు. రెండు భుజాలు ఒక్క తీరు కనబడినంత మాత్రాన సమద్విబాహు అనకూడదట. (ఆయనకు బొమ్మలు గీయడం రాదు కాబట్టి అట్లా అంటున్నాడని మా బెంచీ అభిప్రాయం.)

ఆ ఏడు కోటగిరి దగ్గర మా ఊళ్ళో, కాలువ పక్కనున్న మూడు మూలల చేనులో బాపు (మా నాన్న) మక్కజొన్న వేశాడు. కంకులు పాలు పోసుకునే వేళకు అడవి పందులు దిగి పక్క చేనును నాశనం చేశాయి. తర్వాతి వంతు మాది. ఆ పంట పోతే ఆ ఏడంతా పోయినట్టే. బోధన్ నుంచి ఇనుప జాలి తెచ్చి చుట్టూ కట్టాలని బాపు కాలువ వైపు, బాట వైపు తాడుతో కొలిచాడు. మూడో వైపుకు కదలబోతుంటే నేను ఆపాను.

"ఎందుకు బాపూ, బురదల దిగుడు? రెండు తెలిస్తే మూడోది నేను లెక్క కట్టి చెప్త."

"నిజమా బిడ్డా?" అని మురిసిపోయి, పుల్లతో నేల మీద చేను బొమ్మ గీశాడు. అందులో కాలువా బాటా కలిసే మూల చక్కగా, మూలమట్టం పెట్టినట్టు వచ్చింది. (అసలు చేను నా ఎదురుగానే ఉంది. తలెత్తి చూస్తే సరిపోయేది. బొమ్మ అంత బాగుంది మరి.) వర్గాలు కలిపి వర్గమూలం తీసి చెప్పాను. బాపు ఆ అంకెను బోధన్ దాకా వల్లె వేసుకుంటూ వెళ్ళి, సరిగ్గా అంతే జాలి తెచ్చాడు.

మూడో వైపు కడుతుంటే జాలి అయిపోయింది, చేను అయిపోలేదు. ఎద్దుల బండి దర్జాగా పోయేంత సందు మిగిలింది. ఆ మూల బాగా విప్పారిన అధిక కోణమని, దాని ఎదుటి భుజం నా లెక్కకంటే పొడుగని అప్పుడు తెలిసింది. పొద్దు గూకుతోంది, నాకు ఏడుపొచ్చేసింది. మా అవ్వ (అమ్మను అట్లాగే పిలుస్తాం) ఇంటికి పోయి చీరల మూట తెచ్చింది. మనిషి వాసనకు పందులు జంకుతాయని మా దిక్కు చేల చుట్టూ పాత చీరలు కడతారు. పాతవి చాలలేదు. దసరాకు కొనుక్కున్న చీర కూడా మూటలోంచి తీసి ఇస్తూ, "మంచిగ సదువు బిడ్డా. గని ఇంకో లెక్క చేస్తివంటే నాకు కట్టుకునేటందుకు చీర ఉండది" అంది.

మక్క దక్కింది. కానీ బాటన పోయే ప్రతివాడూ ఆగి, "ఏందన్నా, గీడ జాలి తక్కువ పడ్డదా?" అని అడిగేవాడు. బాపు తడుముకోకుండా చెప్పేవాడు: "మా బిడ్డ లెక్క సక్కగనే ఉన్నది. చేనే వంకరున్నది."

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో లెక్కల టీచర్ని. బొమ్మ చూసి లంబకోణం అనుకున్న వాళ్ళకు నిర్దాక్షిణ్యంగా మార్కులు కోస్తాను. మొన్న ఒక అమ్మాయి పేపరు అందుకుని, "గట్లనే కనబడ్డది మేడం" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పు బొమ్మదేలే అందామని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. నాకే, ఈమధ్య ఎన్ని తప్పులు చేసినా, చేను వంకరని చెప్పేవాళ్ళు దొరకడం లేదు.