ముహూర్తానికి పెట్టిన వైరు

ఆమదాలవలసలో మా మేనమామ ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ పనంతా నాదే. అక్షరం దిద్దడం నుంచి అట్టలు కత్తిరించడం దాకా నేనే చూస్తాను. కానీ మిషన్ల దగ్గరికొచ్చేసరికి మావకి నేనింకా చిన్నపిల్లనే. నా పెళ్లయి పదేళ్లు దాటిన సంగతి అప్పుడాయనకి గుర్తుండదు.

కొత్త కలర్ ప్రింటర్ వచ్చిన రోజు, పంతులుగారు చెప్పిన ముహూర్తానికి మావ కొబ్బరికాయ కొట్టి, వైరు కంప్యూటర్‌కి గుచ్చి, స్విచ్ నొక్కేశాడు. నిజానికి ముందు డ్రైవర్ ఎక్కించాలి. ఆ ప్రింటర్‌తో ఎలా పని చేయించాలో కంప్యూటర్‌కి చెప్పేది అదే. అది అడిగాకే వైరు పెట్టాలి. ఆ మాట పెద్దక్షరాల్లో ఉన్న కాగితం పసుపు కుంకుమల పళ్లెం కింద పడుంది. వైరు తగలగానే కంప్యూటర్ తనకు తోచిన డ్రైవరేదో తనే వేసేసుకుంది.

కళింగపట్నంలో చేపల వ్యాపారం చేసే ఒకావిడ కూతురి శుభలేఖల కోసం పొద్దున్నే వచ్చి కూర్చుంది. వాటిని పట్టుకుని ఆవిడ అన్నయ్య సాయంత్రం రైలుకి ఒడిశా వైపు చుట్టాలను పిలవడానికి వెళ్లాలి. మొదటి కార్డు రాగానే ఆవిడ మూలకి పసుపు రాయబోయింది. బొటనవేలు తగిలి పెళ్లికొడుకు పేరు ఊడొచ్చింది.

"ఇదేటమ్మా, అల్లుడి పేరు సెరిగిపోతంది!" ఆవిడ మొహం పాలిపోయింది.

కంప్యూటర్‌లో చూశాను. కాగితాల జాబితాలో శుభలేఖకి వాడే మందం అట్ట అనేదే లేదు. మిషన్ మామూలు కాగితానికి చాలినంత వేడే ఇస్తే రంగెలా అతుక్కుంటుంది? వైరు పీకి, ఈ డ్రైవర్ తీసేసి, అసలుది ఎక్కించాలి.

మావ అడ్డం నిలబడ్డాడు. "ముహూర్తానికి పెట్టింది పీకీస్తావేటే? ఇజీనగరం మెకానిక్కి ఫోన్ సేసినాను. ఎల్లుండొస్తాడు."

"ఎల్లుండి దాకా ఈయమ్మ రైలు ఆగుతాదేటి మావా?"

"మిషను పాడైపోతే?"

"రేప్పొద్దున్నించీ నేను రాను. తప్పుకో."

నాకు కోపమొస్తే వెనకాముందూ ఉండదు. ఆ షాపు మానేస్తే నాకు పొద్దుగడవదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా వైరు పీకేశాను. మావ కళ్లు మూసుకుని ఏదో దండకం అందుకున్నాడు.

పాత డ్రైవర్ తీసి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసి, నా ఫోన్ నెట్‌తో అసలుది దింపుకున్నాను. దాన్ని ఎక్కించడం మొదలుపెట్టాను. చివరికి వైరు పెట్టమని స్క్రీన్ మీద వచ్చింది, పెట్టాను. ఈసారి జాబితాలో మందం అట్ట కనబడింది.

కార్డు బయటికొచ్చింది. నేను ముట్టుకునేలోపే ఆవిడ తడిపసుపు వేలితో అల్లుడి పేరుని గట్టిగా రుద్దింది. ఊడలేదు. మళ్లీ రుద్దింది.

"నిలిసిందమ్మా!" అని నా బుగ్గ పుణికింది. ఆ పసుపు నేను సాయంత్రం దాకా కడుక్కోలేదు. గర్వమే, దాచుకోవడం దేనికి? ఆ కార్డులు రైలెక్కాయి.

మొన్న షాపుకి రెండో ప్రింటర్ వచ్చింది. పంతులుగారు ముహూర్తం చెప్పారు, మావ కొబ్బరికాయ కొట్టాడు. వైరు మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టి, పంతులుగారి ఎదుటే అడిగాడు:

"ఎప్పుడు పెట్టాలో నువ్వు సెప్పే."