తూగాక్ పాటకు సంతకం

లీటియా తూగాక్ ఎవరింటికి వెళ్లినా తన సంచీని గుమ్మం దగ్గరే పెట్టేది. అందులో కాగితాలున్నాయని ఊరందరికీ తెలుసు. అయినా గుమ్మం దగ్గరే పెట్టేది. టీ తాగి, వేట సంగతులూ మోకాళ్ల నొప్పుల సంగతులూ అన్నీ అయ్యాక, ఇంటివాళ్లే "సరే, తే ఆ కాగితం" అనేదాకా దాని వైపు చూసేది కాదు. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డునున్న మా ఊరు కికిర్తాక్‌లో సినిమా కంపెనీ పెట్టిన నాటి నుంచి ఇరవై రెండేళ్లుగా ఆమె పని అదే. తెర మీద ఎవరి ముఖం కనిపించినా, ఎవరి గొంతు వినిపించినా, ఎవరి తాత కథ చెప్పినా వాళ్ల చేత అనుమతి పత్రం మీద సంతకం పెట్టించాలి. సంతకాలు లేకపోతే టొరంటోలో లాయర్లు ఆ సినిమాని ముట్టుకోరు. లాయర్లు ముట్టుకోకపోతే, రేపెవరైనా దావా వేస్తే కాచుకునే బీమా రాదు. బీమా లేని సినిమాని టీవీ వాళ్లూ తీసుకోరు, ఇంటర్నెట్ వాళ్లూ తీసుకోరు. కంపెనీలో డైరెక్టర్లు నలుగురు మారారు గానీ లీటియా మాత్రం మారలేదు.

దక్షిణాన టొరంటో నుంచి వచ్చే ప్రతి పత్రంలోనూ ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని సాధనాల్లోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా." అది రాయకపోతే లాయర్లకు నిద్ర పట్టదు కాబోలు. లీటియా దాన్ని మా ఇనుక్టిటుట్ భాషలోకి మార్చి చదివినప్పుడల్లా ముసలివాళ్లు పగలబడి నవ్వేవారు.

"విశ్వమంతటా అంటే చంద్రుడి మీద కూడానా?" అని ఒకాయన అడిగాడు. "అక్కడ టీవీ ఎవరింట్లో ఉందే?"

"ఏమో తాతా. ఉంటే మాత్రం నీ ముఖం చూడక తప్పదు వాళ్లకి."

"పాపం," అని ఆయన సంతకం గీకేశాడు.

అలా మూడొందల పైచిలుకు సంతకాలు తెచ్చింది. ఒక్కటి కూడా మొహమాటపెట్టి తెచ్చింది కాదు. అయితే ఆ చివరి మాట, ఆ శాశ్వతం సంగతి, ఆమె కూడా ఎన్నడూ గట్టిగా ఆలోచించలేదు. తనదేదీ అడిగినవాళ్లు లేరు కనుక ఆ అవసరం రాలేదు.

తూగాక్ అన్నది ఆమెకి తండ్రి వైపు నుంచి వచ్చిన పేరు కాదు. 1977 మార్చిలో తూగాక్ అనే వేటగాడు ఛాతీ జబ్బుతో పోయాడు. ఏప్రిల్‌లో పొరుగింట్లో ఆడపిల్ల పుట్టింది. పిల్లలు లేని ఆ వేటగాడి భార్య జిపోరా పురిటింటికి వచ్చి, పసిగుడ్డుని చేతుల్లోకి తీసుకుని, "వచ్చావా" అంది. మా దగ్గర పేరు పెట్టడమంటే అంతే. పోయినవాళ్లు పేరుతోపాటు తిరిగి వస్తారు. ఆడా మగా అన్న పట్టింపు పేరుకి లేదు.

ఆ పూట నుంచి లీటియా జిపోరాకి మొగుడైంది. చిన్నప్పుడు ఆమెని ఎవరూ తిట్టలేదు, పెద్ద వేటగాణ్ణి ఎవరు తిడతారు? వేటాడి తెచ్చిన సీల్‌ని కోస్తే కార్జంలో మొదటి ముక్క ఆమెకే. మాటలు రాగానే జిపోరాని "ఏమే" అని పిలవడం నేర్పారు. పెళ్లయ్యాక, ఎనూకి అనే ఆమె భర్త కొత్తవాళ్లకి తనని పరిచయం చేసుకునేటప్పుడు, "నేను రెండో పెళ్లాన్నండి, పెద్దావిడ ఎదురింట్లో ఉంటుంది" అనేవాడు. కొత్తవాళ్లు బిత్తరపోతే అతనికి మహా సరదా.

ఇలా నలభై ఆరేళ్లు తూగాక్ వాటా హాయిగా తింటూ వచ్చింది.

ఆ ఏడాది డైరెక్టర్ పౌలూసీ నాలుగేళ్లుగా తీస్తున్న సినిమా పూర్తయింది. సముద్రపు మంచు మీద బతికినవాళ్ల కథ. రేడియో స్టేషన్ పాత పెట్టెలో అతనికొక టేపు దొరికింది. 1974లో తూగాక్ తన సొంత పాట పాడుతుండగా తీసిన టేపు అది. సొంత పాట అంటే కట్టినవాడికే చెందిన పాట. వేరేవాళ్లు పాడాలంటే అడిగి, ముందు అతని పేరు చెప్పి పాడాలి. సినిమా చివరి ఆరు నిమిషాలూ ఖాళీ మంచు మీద ఆ పాటే నడుస్తుంది. 

లీటియా మామూలుగానే సంచీ పట్టుకుని ఎదురింటికి వెళ్లింది. తొంభై ఏళ్ల జిపోరా సోఫాలో కూర్చుని మిట్టెన్లు, అదే చలికి వేసుకునే చేతి తొడుగులు, కుడుతోంది.

"ఏమయ్యా, పెళ్లామొకతి ఉందని ఇవాళ గుర్తొచ్చిందా?"

"ఏం చేయనే, ఆఫీసులో తెగ పని. నీ సంతకం కావాలి, ఆ పాటకి."

"నాదెందుకు? పాట నాదా?" ముసలామె సూది ఆపింది. "నీది. నువ్వే పెట్టుకో."

నిజమే కదా అనుకుంది లీటియా. కలం తీసి, హక్కుదారు అన్న చోట తూగాక్ అని రాసింది. కింద కంపెనీ సాక్షి చోట కూడా ఎప్పటిలాగే తూగాక్ అని రాసింది. నిమిషం పట్టలేదు. జిపోరా ఆమె చేతినే చూస్తూ ఉండిపోయింది.

వారం తిరిగేసరికి టొరంటో లాయరమ్మ బ్రిజిట్ లాంగ్‌మూర్ ఫోన్ చేసింది. మంచి మనిషే, పదేళ్ల పరిచయం.

"లీటియా గారూ, ఏదో పొరపాటు జరిగినట్టుంది. హక్కుదారు చోటా మీ పేరే, సాక్షి చోటా మీ పేరే. రాత కూడా ఒకటే."

"అవునండి. రెండూ నావే."

"కానీ పాట కట్టిన తూగాక్ 1977లో చనిపోయారు కదా?"

"చనిపోయారండి."

"మరి హక్కుదారుగా సంతకం పెట్టిందెవరు?"

"ఆయనే."

 లీటియా ఓపిగ్గా అంతా విప్పి చెప్పింది. బ్రిజిట్ ఎగతాళి చేయలేదు.

"మీ పద్ధతిని కాదనడం లేదండి. ఒక్క మాట చెప్పండి. ఇచ్చేదీ మీరే, కంపెనీ తరఫున పుచ్చుకునేదీ మీరే అయితే, అడిగిందెవరు? అడగకుండా వచ్చింది అనుమతి ఎలా అవుతుంది?" తర్వాత దారి కూడా చెప్పింది. చట్టం ప్రకారం వారసురాలు భార్యే కనుక, వచ్చే శుక్రవారంలోగా జిపోరా ఒక్క సంతకం పెడితే అన్నీ సర్దుకుంటాయి.

ఫోన్ పెట్టేశాక లీటియా చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆ ప్రశ్న ఎక్కడో తగిలింది. ముక్కూ ముఖం తెలియని ముసలివాళ్ల దగ్గర కూడా గంటలు గంటలు ఆగింది. తూగాక్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు. ఆ రోజు కలం పట్టుకున్నది కంపెనీ గుమస్తా చెయ్యే, ఆయన చెయ్యి కాదు. ఆమెకి సిగ్గేసింది.

ఈసారి సంచీ లేకుండా వెళ్లింది.

"ఆ రోజు నన్నెందుకు ఆపలేదే?"

"మొగుడు సంతకం పెడుతుంటే చెయ్యి పట్టుకుంటానా?" అంది జిపోరా. ఎప్పటి వెటకారం ఆ గొంతులో లేదు. "ఆగి ఆలోచిస్తావనుకున్నాను. ఆలోచించలేదు."

"ఆ పాటలో ఏముంది? పాత మాటలు, నాకు సగం అర్థం కాలేదు. వేట పాట అనుకున్నాను."

"నీకెవరూ చెప్పలేదా?" అని, తనకు తానే సమాధానం చెప్పుకుంది ముసలామె. "ఎవరు చెబుతారులే. నీ ముందు ఆ మాట ఎవరంటారు?"

అప్పుడు చెప్పింది. 1955లో, మంచు విరిగే నెలలో, తూగాక్ వాళ్ల అన్నతో వేటకి వెళ్లాడు. ఇద్దరి మధ్యా మంచు చీలింది. అన్న నిలబడ్డ ముక్క తేలిపోతోంది. తూగాక్ తాడు విసిరాడు, అన్న అందుకున్నాడు. అలల గుంజుడికి తూగాక్ కూడా అంచుదాకా జారాడు. తాడు వదిలేశాడు. అన్న మళ్లీ కనిపించలేదు. ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అతనే ఆ పాట కట్టుకున్నాడు.

జిపోరా డప్పు లేకుండా, నోటితోనే సన్నగా అంది పాటని:

"అటు మా అన్న, ఇటు నేను, నడుమ తాడు.
నేను వదల్లేదు, నా చెయ్యి వదిలింది.
ఈ చేత్తో ఇక ఏం పట్టుకోను, ఏం తినను."

లీటియా తన చేతుల వైపు చూసుకుంది. ఆమెకి భయమేసింది. మొదటి ముక్క కార్జం తిన్న చేతులవి.

"అప్పట్లో కూటాల్లో నువ్వు డప్పు పట్టుకుని నిలబడితే నేను పాడేదాన్ని," అంది జిపోరా. "మన పద్ధతి అంతేగా, మొగుడు డప్పు కొడితే పెళ్లాం పాడాలి. కానీ నువ్వు ఊరికే మొదలుపెట్టేవాడివి కాదు. మీ అన్న పెళ్లాం ఎక్కడ కూర్చుందో వెతికి, ఆమె వైపు చూసి ఆగేవాడివి. ఆమె కనుబొమలెత్తి సరే అంటేనే డప్పు మోగేది. ప్రతిసారీ. ఒకసారి మాత్రం ముక్కు ముడిచింది, వద్దంది. జనమంతా ఎదురుచూస్తున్నారు. నువ్వు డప్పు కింద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుని, టీ ఉందా అన్నావు. నువ్వు తాగేట్టే నాలుగు చెంచాల చక్కెర వేసి ఇచ్చాను. ఆ రోజు నా మొగుడు ఎలాంటివాడో నాకు తెలిసింది."

"టేపు తీసిన రోజు?"

"ఆ రోజూ ఆమె ఉంది. రేడియో వాళ్ల కోసం నువ్వే పాడావు గానీ, ఆమె సరే అన్నాకే మిషన్ తిప్పారు."

బుధవారం లీటియా పత్రం తీసి, విశ్వమంతటా శాశ్వతంగా అన్న మాటలు కొట్టేసింది. వాటి పక్కన "ప్రతిసారీ అడగాలి" అని రాసి పంపింది. బ్రిజిట్ వెంటనే ఫోన్ చేసింది.

"ఇంటర్నెట్‌లో ఒక్క రోజులో లక్షమంది చూస్తారండి. ఎన్నిసార్లని అడుగుతాం? ఈ కాగితం మీద బీమా రాదు."

"తెలుసండి."

"అయితే పాట తీసేయాల్సిందే. కారణం ఏమని రాయను?"

"తూగాక్ ఒప్పుకోలేదని రాయండి."

బ్రిజిట్ ఒక నిట్టూర్పు విడిచి, అలాగే రాస్తానంది. పౌలూసీకి చెప్పడమే కష్టమైంది. అతను తలపట్టుకుని, "నాలుగేళ్లు అక్కా. ఆ పాట కోసమే ఈ సినిమా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లీటియాకీ తిరిగాయి, కానీ మాట మార్చలేదు. మర్నాడు అతనే వచ్చి, ఆ ఆరు నిమిషాలూ గాలి చప్పుడుతోనే ఉంచుతానన్నాడు. "మన హాల్లో వేసినప్పుడు మాత్రం అక్కడ నువ్వు డప్పు పట్టుకో. ఆవిడ పాడుతుంది. దానికి ఏ లాయరూ అక్కర్లేదుగా."

"అడగాలి," అంది లీటియా.

శీతాకాలమంతా జిపోరా దగ్గర డప్పు దెబ్బ నేర్చుకుంది. మాటలు కూడా నేర్చుకుంది. ముసలామె తర్వాత ఆ పాట టేపులోనూ లీటియా నోటనూ తప్ప ఇంకెక్కడా మిగలదని ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం అనుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం స్కూలు హాల్లో సినిమా వేశారు. ఊరంతా వచ్చింది. జిపోరా కొత్త మిట్టెన్లు వేసుకుని ముందు వరసలో కూర్చుంది. చివర్లో ఖాళీ మంచు వచ్చి, గాలి చప్పుడు మొదలవగానే లీటియా డప్పు పట్టుకుని లేచింది. మూడొందల తలలు ఆమె వైపు తిరిగాయి. ఆమె తూగాక్ అన్న కూతురు రీపా కోసం వెతికింది. నాలుగేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్న రీపాకి ఇప్పుడు డెబ్బై రెండు. తల్లి పోయాక ఇక అడగవలసింది ఆమెనే. మూడో వరసలో కనిపించింది. లీటియా ఆమె వైపు చూసి ఆగింది.

రీపా తెర వైపు చూసింది. మళ్లీ లీటియాని చూసింది. ముఖంలో కోపమేమీ లేదు. నెమ్మదిగా ముక్కు ముడిచింది.

 తెర మీద మంచు అలాగే సాగుతోంది. ఇంకొక్కసారి బతిమాలే చూపు చూడాలనిపించింది లీటియాకి. జిపోరాకి తొంభై ఏళ్లు, మళ్లీ ఇలాంటి రోజు వస్తుందో రాదో. కానీ చూడలేదు. డప్పు కింద పెట్టింది. వచ్చి ముసలామె పక్కన కూర్చుంది.

"టీ ఉందా?" అంది. అన్నాక గానీ తాను ఏమన్నదీ ఆమెకి తెలియలేదు.

నలభై ఆరేళ్లుగా ఆటపట్టిస్తూ వచ్చిన జిపోరా ఈసారి ఆటపట్టించలేదు. ఫ్లాస్కు మూత తిప్పి అందులోనే టీ పోసి, జేబులోంచి పొట్లం తీసి నాలుగు చెంచాల చక్కెర కలిపి ఇచ్చింది. లీటియా టీలో చక్కెర వేసుకోదు. ఆ మూతని రెండు చేతులా పట్టుకుని, అడుగుదాకా తాగింది.