మునిరత్నం అన్నకు నేను పెట్టిన గడువు

ఒకే రోజు తొమ్మిది మందికి చావు ముహూర్తం పెట్టిన ఘనత నాది. కంగారు పడకండి, అందరూ క్షేమమే. పోయింది నా పరువొక్కటే.

నగరిలో ఒక మరమగ్గాల షెడ్డులో మేనేజరుగా కొత్తగా చేరిన రోజులవి. పాకాల పెళ్లివారికి శుక్రవారానికల్లా నలభై చీరలు నేసివ్వాలి. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అంతుపట్టక ఓనరు తల పట్టుకున్నాడు.

"సదువుకున్నోడివి గదప్పా, పనులు సూసుకునేదానికి ఏదన్నా సాఫ్ట్‌వేర్ సూడు" అన్నాడు.

పదకొండు చూశాను. అన్ని పెళ్లిచూపులు మా వంశంలోనే ఎవరూ చూడలేదు. చివరికి తెలుగులో మెసేజీలు పంపుతుందన్నదాన్ని ఖాయం చేశాను. ఆ తెలుగు ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు. రంగు చూసి మామిడికాయ కొని, పులుపు ఇంటికొచ్చాక తెలుసుకునే రకం నేను.

బుధవారం సాయంత్రం అందరి పేర్లూ, గడువులూ ఎక్కించి బటన్ నొక్కాను. గురువారం షెడ్డులో మగ్గాలున్నాయి, మనుషులు లేరు.

పెద్ద నేతగాడు మునిరత్నం అన్న ఇంటికి పరిగెత్తాను. వాకిటి నిండా చుట్టాలు. ఆయన భార్య సెల్వక్క ఫోను నా ముఖానికి ఆనించింది.

"సదువప్పా, నువ్వే సదువు!"

చదివాను. 'మునిరత్నం గారూ, మీ మరణ రేఖ: శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.'

డెడ్‌లైన్‌ను అది ముక్కకు ముక్క తెలుగు చేసింది. కొత్త ఒక వింత అంటారు. మా షెడ్డులో కొత్త ఒక చావు.

"మా ఇంటాయనకు టైము గూడా ఏసి పంపినావే! నీకేం పాపం సేసినాడు?" అంది సెల్వక్క.

మునిరత్నం అన్న కొత్త పంచె కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. "నాకొక్కడికేనా అప్పా?"

"కాదన్నా, తొమ్మిది మందికీ."

"అట్లయితే సరే" అన్నాడు, కాస్త తేలికపడి.

"అయ్యో, సావు గాదన్నా! ఆలోగా పని ముగించాలని."

"ముగిస్తే బతకొచ్చునా?"

"బతకొచ్చు."

"ఆ మాట ముందే సెప్పుంటే ఈపాటికి రెండు సీరలు నేసుందును గదప్పా."

మిగతా ఎనిమిది ఇళ్లకూ తిరిగి, ఎనిమిది రకాల తిట్లు తిని, అందరినీ మగ్గాల దగ్గరికి తెచ్చాను. అయినా శుక్రవారం ఐదు దాటేసరికి ఇంకా పది చీరలు మిగిలాయి. తొమ్మిది ఫోన్లూ ఒక్కసారి మోగాయి.

'మీ మరణ రేఖ దాటిపోయింది. ఆలస్యానికి కారణం తెలపండి.'

మునిరత్నం అన్న మగ్గం ఆపి నన్ను పిలిచాడు.

"ఇంగా యాల సావలేదని అడుగుతా ఉండాదప్పా. ఏమని రాసేది?"

చీరలు శనివారం, పెళ్లికి ఒక రోజు ముందు, పాకాల చేరాయి. నేను మాత్రం షెడ్డులో అందరి ఎదుటా నిలబడి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ సాఫ్ట్‌వేరైనా సరే, ముందు నా ఒక్కడి పేరు మీదే పెడతాను. వారం తర్వాత నేను కనిపిస్తేనే మిగతావాళ్లకు.