సంఘం చేతులెత్తి ఇచ్చిన సిఫారసు

మా అన్నయ్య కూతురు లీలారాణి 1967లో కెమిస్ట్రీ బి.ఎస్సీ. ఫస్టు క్లాసులో పాసైంది. అక్కడితో ఊరుకుని ఉంటే నరసన్నపేటలో అందరూ సంతోషించేవారు. వాల్తేరు వెళ్ళి ఎమ్మే చదువుతానంది, అదీ మానవశాస్త్రంలో. మనుషుల సంగతి తెలుసుకోవడానికి యూనివర్సిటీ దాకా ఎందుకని మావాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. నేను అంత తొందరగా మరచిపోయే రకం కాదు.

వేరే సబ్జెక్టు చదివి వచ్చేవాళ్ళు రెండు సిఫారసు ఉత్తరాలు జతచేయాలన్నారు. ఒకటి చదువు చెప్పిన మాస్టారిది. రెండోది, ఈ కొత్త చదువుకి పిల్ల పనికొస్తుందని ఎరిగినవాళ్ళది. శ్రీకాకుళంలో దానికి కెమిస్ట్రీ చెప్పిన జగన్నాధం మాస్టారు మొదటిది నిండు మనసుతో రాసిచ్చారు. రెండోది కూడా అడిగితే, ఆ చదువు గురించి తనకేమీ తెలియదని, తెలియనిది రాయలేనని చెప్పేశారు. ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆ ఉత్తరం లేకపోతే దరఖాస్తే తీసుకోరు. పిల్ల సరిగా అన్నం తినడం మానేసింది.

చూసి చూసి నేనే దాన్ని మా బాప్టిస్టు సంఘం పాస్టరు సత్యరాజుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సరేనన్నారు. అయితే మా సంఘంలో ఏ ఉత్తరమూ పాస్టరు ఒక్కరి మాట మీద బయటికి పోదు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు పెట్టాలి, అందరూ చేతులెత్తాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. మావాళ్ళకి తెలిసిన ఉత్తరం ఒక్కటే. ఈ సంఘం విడిచి వేరే ఊరి సంఘంలో చేరేవాళ్ళకి ఇచ్చేది. లీలారాణికి ఉత్తరం ఇవ్వాలని పాస్టరుగారు అనగానే, ముందు చాప మీద కూర్చున్న ముసలి అప్పలమ్మ చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

“ఈ పిల్ల మన సంగం ఒగ్గీసి ఎలిపోతాదేటి? నాను సెయ్యెత్తను,” అంది.

అప్పటికే లేచిన చేతులు కూడా కొన్ని దిగిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. నాలుగు దులిపేద్దామని లేవబోతుంటే లీలారాణి నా కొంగు పట్టి కూర్చోబెట్టి, తనే లేచింది. తాను సంఘం మారడం లేదని, మనుషులు తరతరాలుగా ఏ పని ఎందుకు చేస్తున్నారో కనుక్కునే చదువుకి పోతున్నానని నెమ్మదిగా చెప్పింది.

అప్పలమ్మ చాప మీదే దాని వైపు జరిగింది. మొన్న కోతలప్పుడు తన దగ్గర కూర్చుని అడిగినదంతా ఆ చదువేనా అని అడిగింది. అదేనంది లీలారాణి. అప్పుడు ముసలామె జనం వైపు తిరిగింది.

“మన గుడి దూలానికి వరికంకులు ఎందుకు కడతామో మీలో ఎవులైనా నన్నడిగినారా? ఈ పిల్ల అడిగినాది. మా అమ్మ కిరస్తానం పుచ్చుకోకముందు, పిచ్చికలకని సూరుకి కట్టిన కాడి నుంచి నా సేత సెప్పించినాది. మజ్జిలో ఒక్క పాలి కూడా నవ్వనేదు. అది రాయండి, అయ్యగోరూ.”

అని తనే ముందు చెయ్యెత్తింది. ఆ వెనక గుడిలో ఎత్తని చెయ్యి లేదు. ఇంగ్లీషు చదువు ఎరగనివాళ్ళు కూడా మా పిల్లకి ఎమ్మే సీటు ఇవ్వమని చేతులెత్తి నిలబడ్డారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సత్యరాజుగారు అప్పలమ్మ చెప్పిన మాటలన్నీ ఉత్తరంలో పెట్టి, సంఘమంతటి తరఫునా సంతకం చేశారు.

వాల్తేరులో ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరుగారు కెమిస్ట్రీ ఊసే ఎత్తలేదట. ఆ వరికంకుల గురించే అడిగి, చివరికి ఆ అప్పలమ్మగారెవరో తాను చూడాలన్నారట. సీటు వచ్చిందని కార్డు రాగానే, నవ్విన ప్రతి ఇంటికీ వెళ్ళి చూపించి మరీ వచ్చాను. అది గర్వమంటే గర్వమే.

అప్పలమ్మకి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు.

“నాను సగమే సెప్పినాను,” అంది. “సెలవులకి రమ్మను. ఆ పెపేసరు బాబుని కూడా తెమ్మను.”