వాల్వు మూసిన తోట

నాంపల్లి స్టేషన్‌లో దిగిన మా అక్క భర్త చేతిలో బత్తాయిల సంచి ఉంది. కాయలు నిమ్మకాయల కన్నా కాస్త పెద్దవి, అంతే.

"ఆఫీసోళ్లకు సూపెట్టనీకి తెచ్చిన. ఆశపడకు బామ్మర్దీ," అన్నాడు.

ఆయన తోటకు సబ్సిడీ మీద డ్రిప్పు వచ్చింది. కాలువల్లో పారే నీళ్లు బొట్లుబొట్లుగా వేళ్లకు అందడంతో బోరులో నీళ్లు మిగిలాయి. అప్పట్లో ఆ సంగతి పత్రికలో రాసింది నేనే. మిగిలిన నీళ్లతో ఏం చేస్తావని మాత్రం అడగలేదు. ఆయన పక్క చెలకలో ఇంకో తోట పెట్టాడు. దానికీ సబ్సిడీ వచ్చింది. చుట్టుపక్కల వాళ్లూ అదే చేశారు, భూమిలో నీళ్లు అడుగంటాయి. ఈ ఎండాకాలం ఆయన బోరు ఒక్క తోటకే సరిపోతోంది.

కొత్త తోట కొట్టేసి, ఆ చెలకలో వానకు కందులు వేసుకోవాలని ఆయన కోరిక. అనుమతి కోసం వచ్చాడు.

ఉద్యాన శాఖ ఆఫీసులో గుమస్తా ఫైలు తిరగేశాడు. "గడువు తీరకముందే చెట్లు కొడితే సబ్సిడీ వాపస్ కట్టాలె పెద్దాయనా."

"సారూ, రెండింటికీ నీళ్లు పెడితే రెండూ పోతయి."

"దానికి నీళ్లు బంద్ చెయ్. ఎండిపోతే నీ మీదికి రాదు. నరికితేనే వస్తది."

బావ సంచి బల్ల మీద పెట్టాడు. "ఒక్క దెబ్బకు నరుకుతం గానీ, నిలబడ్డ చెట్టును దూపకు సంపుడు మా ఇంట్ల లేదు సారూ."

"ముందు ఆ సంచి తియ్యి. లంచమంటరు," అన్నాడు గుమస్తా.

ఆబిడ్స్ వైపు నడిచాం. బస్ స్టాపు దగ్గర బత్తాయి రసం బండి చూసి ఆయన ఆగాడు.

"నీళ్లు మిగిలినయని పేపర్ల రాసినవ్ గద. ఏడ మిగిలినయో జర సెప్పు, పోయి తెచ్చుకుంట."

నేను రెండు గ్లాసులు చెప్పాను. ఆయన తాగలేదు.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. బావ కొత్త తోట వాల్వు మూసేశాడట. అప్పటినుంచి అటు పోవడం లేదట. తనిఖీకి వచ్చినవాళ్లు పైపులు లెక్క చూసుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లారట.

"చెట్లు ఎట్లున్నయే?" అన్నాను.

"ఇంకా పచ్చగనే ఉన్నయిరా. గదే సూడలేకపోతున్న."