చాముండేశ్వరి టీచర్ లైసెన్సు రెన్యువల్

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో చాముండేశ్వరి పనిచేసే మిడిల్ స్కూల్లో ఆమె పేరు పూర్తిగా పలకగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు ఎనిమిదో తరగతి చదివే అద్వైత్ అనే తెలుగు పిల్లవాడు. రెండో ఆవిడ పక్క గదిలో సైన్సు చెప్పే మిసెస్ కొవాల్‌స్కీ. "నా ఇంటిపేరుని ముప్పై ఏళ్ళుగా అందరూ ఖూనీ చేస్తున్నారు. ఇంకొకరి పేరుకి ఆ గతి నేను పట్టించను" అని ఆవిడ పట్టుబట్టి, వారం రోజులు సాధన చేసి మరీ నేర్చుకుంది. మిగతా బడి మొత్తానికీ ఆమె 'మిస్ చాము'.

మిస్ చాము లెక్కల టీచరు. కాగితమంటే ప్రాణం పెట్టే మనిషి. సంతకమూ ముద్రా ఉన్న కాగితమైతే మరీను. ఇంట్లో సొంతంగా లామినేషన్ మెషిన్ ఉంది. కూతురు అంకిత ఒకటో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు దగ్గర్నుంచి, కుక్కర్లో బియ్యానికి ఎన్ని నీళ్ళు పొయ్యాలన్న చీటీ దాకా అన్నీ ప్లాస్టిక్ తొడుక్కుని నిగనిగలాడుతుంటాయి. "ఆదివారం మధ్యాహ్నం కదలకుండా పడుకోవాలంటే నాకు భయం. నన్ను కూడా చేసేస్తుందేమో" అని ఆమె భర్త లక్ష్మీపతి స్నేహితుల దగ్గర అంటుంటాడు. ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూస్తాడు. కాగితం మొహం చూసి ఏళ్ళయింది.

ఈ దేశంలో టీచరు కావడానికి ఆమె పడ్డ పాట్లకి కూడా కాగితమే కారణం. ఖమ్మంలో పదకొండేళ్ళు లెక్కలు చెప్పి, అయిదేళ్ళ అంకితని వెంటబెట్టుకుని, భర్త వీసా మీద ఇక్కడికొచ్చింది. పని చెయ్యడానికి అనుమతి లేని ఆ మొదటి ఏళ్ళలో అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ ఎక్కాలు నేర్పింది. అడిగినవాళ్ళకీ నేర్పింది, అడగనివాళ్ళకీ నేర్పింది. అనుమతి రాగానే టీచరుగా రిజిస్టర్ చేయించుకుందామంటే, చదివిన యూనివర్సిటీ నుంచి మార్కుల పత్రాలు సీలు వేసిన కవర్లో రావాలన్నారు. తమ్ముడు చక్రపాణి ఉద్యోగానికి సెలవు పెట్టి, మూడుసార్లు తిరిగి, ఎర్ర లక్కతో సీలు వేయించిన కవరుని కొరియర్‌లో పంపించాడు. కవరు చేతికి రాగానే చాముండేశ్వరి కత్తెర తెచ్చి నీటుగా పైన కత్తిరించింది.

సాయంత్రం ఇంటికొచ్చిన లక్ష్మీపతి బల్ల మీద ఉన్న కాగితాలు చూసి నిలబడిపోయాడు.

"అది తెరవకూడదు చాముండీ! సీలుతో అలాగే వాళ్ళకి పంపాలి."

"లోపల మార్కులు సరిగ్గా వేశారో లేదో చూసుకోవద్దా అండీ? ఆల్జీబ్రాలో నాకు తొంభై ఒకటి. ఎనభై ఒకటని వేసుంటే?"

"ఎంత వేశారు మరి?"

"తొంభై ఒకటే" అంది ఆమె, గొంతు తగ్గించి.

చక్రపాణి మళ్ళీ సెలవు పెట్టాడు. రెండో కవరు ఆమె కంట పడకుండా లక్ష్మీపతి తన ఆఫీసు అడ్రస్‌కి తెప్పించుకుని, అటునుంచి అటే పంపించేశాడు.

తర్వాత పరీక్షలు రాసింది. మూడేళ్ళు సబ్‌స్టిట్యూట్ టీచరుగా, ఏ టీచరు రాకపోతే ఆ క్లాసుకి వెళ్ళింది. ఒకరోజు వ్యాయామం క్లాసుకి పంపితే, పిల్లల్ని బాస్కెట్‌బాల్ కోర్టు మీద వరసగా నిలబెట్టి, కోర్టు వైశాల్యం లెక్క కట్టించిందట. ఆ మర్నాటి నుంచి వ్యాయామం మాస్టారు ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదని బడిలో చెప్పుకుంటారు. చివరికి, అయిదేళ్ళ కిందట, లైసెన్సు వచ్చింది. రావడమంటే ఏమిటి? రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటులో ఆమె పేరు పక్కన ఒక ఆకుపచ్చ గుర్తు కనిపించింది. అంతే.

"కాగితం పంపరా?" అని అడిగింది చాముండేశ్వరి.

"అదే లైసెన్సు. ఆన్‌లైన్‌లోనే ఉంటుంది."

"సంతకం?"

"ఉండదు."

ఆ స్క్రీన్‌నే కలర్ ప్రింట్ తీసి, లామినేట్ చేసి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. రోజూ చూసుకుంది కూడా. కానీ ఆ తర్వాత అయిదేళ్ళలో ఒక్కసారైనా ఆ వెబ్‌సైటు తెరవలేదు. ఇంట్లో ఫ్రేములో ఉన్నదాన్ని చూడటానికి పాస్‌వర్డ్ ఎందుకని ఆమె ధీమా.

ఈ ఏడాది ఆగస్టులో, బడి తెరిచిన రెండో వారం, ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అయిదేళ్ళ గడువు అయిపోయింది. ఈ నెలాఖరులోగా రెన్యువల్ చేసుకోకపోతే సెప్టెంబరు ఒకటి నుంచి క్లాసులోకి వెళ్ళడానికి లేదు. అయిదేళ్ళలో నూట ఇరవై గంటల శిక్షణ తీసుకున్నట్టు వెబ్‌సైటులో చూపించాలి.

చాముండేశ్వరి ఏమీ కంగారు పడలేదు. ఆ రోజు శుక్రవారం. శనివారం మధ్యాహ్నం బీరువాలోంచి లావుపాటి ఫైలు దించి, డైనింగ్ టేబుల్ మీద పరిచింది. యాభై ఎనిమిది సర్టిఫికెట్లు, తేదీల వరసలో. మొత్తం నూట అరవై మూడు గంటలు. ఎక్కడ ఏ శిక్షణ జరిగినా ముందు బెంచీలో కూర్చునే మనిషి ఆమె.

"ఇవన్నీ వెబ్‌సైటులో ఒక్కొక్కటీ ఎంటర్ చేశావా?" అని అడిగాడు లక్ష్మీపతి.

"ఇన్ని కాగితాలు ఎదురుగా కనిపిస్తుంటే మళ్ళీ ఎంటర్ చెయ్యడం ఎందుకండీ?"

ఆయన లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు.

పాస్‌వర్డ్ గుర్తులేదు. సరే, మర్చిపోయానని నొక్కితే వెబ్‌సైటు ఒక ప్రశ్న వేసింది: మీకు ఇష్టమైన టీచరు పేరేమిటి? చాముండేశ్వరి మొహం విప్పారింది. ఇదీ ఒక ప్రశ్నేనా? ధనమ్మ అని కొట్టింది. తప్పు అంది. 'హెచ్' తీసేసి కొట్టింది. తప్పు. ఒక 'ఎం' తగ్గించింది. అంకితకి ఫోన్ చేస్తే, "అమ్మా, నువ్వు నాన్న పేరు పెట్టావేమో, చూడు" అంది హాస్టల్ గదిలోంచి.

"ఆయన నాకేం నేర్పారే?" అంది చాముండేశ్వరి. లక్ష్మీపతి విననట్టు నటించాడు.

ఇంకో రెండు రకాలుగా కొట్టేసరికి వెబ్‌సైటుకి ఓపిక నశించింది. అకౌంట్ లాక్ చేశామనీ, సోమవారం హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చెయ్యమనీ ఎర్ర అక్షరాల్లో చెప్పింది. నెలాఖరుకి ఇంకా వారమే ఉంది.

అప్పుడు మాత్రం ఆమెకి కంగారు పుట్టింది. క్లాసులోకి వెళ్ళడానికి లేదట. తన క్లాసులోకి తనే. ఎవరో సబ్‌స్టిట్యూట్ వచ్చి తన బోర్డు మీద రాస్తారట. ఆ సాయంత్రం, అక్కడ ఆదివారం తెల్లవారుతున్న వేళ, చక్రపాణికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మన ధనమ్మ టీచర్ గారి నంబర్ సంపాదించు. అర్జెంటు."

"ఏమైందక్కా? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"ఆవిడ పేరుకి స్పెల్లింగ్ కావాలి."

కవర్ల కాలం నుంచి అక్కని ఎరిగినవాడు కనక చక్రపాణి ఇక ప్రశ్నలు వెయ్యలేదు. గంటలో నంబర్ పంపాడు.

ధనమ్మ ఇల్లెందులో రైల్వే క్వార్టర్ల పక్కన ఉన్న ప్రైమరీ బడిలో పనిచేసేది. మూడో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చాముండేశ్వరికి అన్నీ ఆవిడే. తప్పు లెక్క చేస్తే కొట్టేది కాదు, తిట్టేది కాదు. "ఇది నీకెట్ల వచ్చిందో నాకు చెప్పు, నేను నేర్చుకుంటా" అని పక్కన కూర్చునేది. చెప్పుకుంటూ పోతే సగంలోనే తప్పెక్కడుందో పిల్లలకే తెలిసిపోయేది. షామ్‌బర్గ్ పిల్లల దగ్గర మిస్ చాము రోజూ ఇంగ్లీషులో అనే మాట కూడా అదే. ఇప్పుడావిడకి ఎనభై రెండు దాటాయి. కొత్తగూడెంలో మేనకోడలి దగ్గర ఉంటోంది.

"టీచర్ గారూ, నేను చాముండేశ్వరిని. కిష్టయ్య గారి అమ్మాయిని. అమెరికా నుంచి."

"ఎవరూ, ఎడమ చేత్తో రాసేదానివి నువ్వేనా?"

"నేనే టీచర్ గారూ!" చాముండేశ్వరి తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడింది. "మీ పేరు ఇంగ్లీషులో ఎట్లా రాస్తారు?"

"అది కనుక్కోవటానికి ఇంత పొద్దున్నే అమెరికా నుంచి చేశావా? బ్యాంకులో ఒక తీరు రాశారు. పెన్షన్ పుస్తకంలో ఇంకో తీరు రాశారు. ఆధార్ కార్డులో ఏం రాశారో ఆ రాసినోడికే తెలవాలె. నేనైతే తెలుగులోనే సంతకం పెడతా."

చాముండేశ్వరి విషయమంతా చెప్పింది. ఆవిడ ఓపిగ్గా విని అడిగింది:

"అయిదేండ్లకోసారి నువ్వు టీచర్‌వో కాదో వాళ్ళకి మళ్ళీ చెప్పాల్నా?"

"అవును టీచర్ గారూ."

"చెప్పు మరి. తప్పేముంది? మాకు ఒక్కసారి అపాయింట్ చేసి వదిలేశారు. మాలో కొందరికి అయిదేండ్లకోసారి గుర్తు చేసినా బాగుండేది." ఆవిడ నవ్వింది. "పిల్లలకి ఏం చెప్తున్నావిప్పుడు?"

భిన్నాలు, సమీకరణాలు అంటూ ఆ మాటలు ముప్పావు గంట సాగాయి. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే కాగితం మీద మూడు స్పెల్లింగులు రాసి ఉన్నాయి. మూడూ మధ్యాహ్నం కొట్టి చూసినవే. అయినా ఎందుకో మనసు తేలికపడింది.

సోమవారం ఖాళీ పీరియడ్‌లో క్లాసు తలుపు వేసుకుని హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చేసింది. పీరియడ్ నలభై రెండు నిమిషాలు. అందులో ముప్పై మూడు నిమిషాలు సంగీతం వింది. చివరికి లొరెయిన్ అనే ఆవిడ లైన్‌లోకి వచ్చింది. గొంతుని బట్టి పెద్దావిడలా ఉంది. పుట్టిన తేదీ, లైసెన్సు నంబరు అడిగి, "మీకు ఇష్టమైన టీచరు పేరు చెప్పండి మేడమ్" అంది.

చాముండేశ్వరి మూడు స్పెల్లింగులూ ఒక్కో అక్షరం పలుకుతూ చెప్పింది.

"సారీ, కుదరడం లేదు. జవాబు నేను చెప్పకూడదు." లొరెయిన్ మళ్ళీ అడిగింది. "అది ఆవిడ మొదటి పేరా?"

"అవును."

"మీరు ఆవిడని మొదటి పేరుతోనే పిలిచేవారా?"

"అయ్యయ్యో! పేరు పెట్టి ఎలా పిలుస్తాం? ధనమ్మ టీచర్ గారూ అని..." అంటూనే చాముండేశ్వరి నోటి మీద చెయ్యి వేసుకుంది. అయిదేళ్ళ కిందట ఆ పెట్టెలో పేరు కొట్టబోయి, వట్టి పేరు రాయడానికి చేతులు రాక ఏం చేసిందో గుర్తొచ్చింది. 'ధనమ్మ' తర్వాత 'టీచర్', దాని తర్వాత 'గారు'. మొత్తం కలిపి అక్షరం అక్షరం చెప్పింది.

"ఇప్పుడు సరిపోయింది. ఆ చివరి మాట ఏమిటి మేడమ్? ఇంటిపేరా?"

"కాదు. గౌరవం" అంది చాముండేశ్వరి. అంతకన్నా బాగా చెప్పడానికి వ్యవధి లేదు. బెల్లు మోగింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం టేబుల్ దగ్గర కూర్చున్నారు. లక్ష్మీపతి సర్టిఫికెట్లు చదువుతుంటే ఆమె ఎంటర్ చేస్తోంది. మొదటి పది ఎక్కేసరికే పేచీ వచ్చింది. ఆమె అలవాటు కొద్దీ తేదీ ముందు, నెల తర్వాత కొడుతోంది. పదమూడో తేదీ వస్తే పదమూడో నెల లేదు పొమ్మంటోంది వెబ్‌సైటు. ఇంకొన్నిటికి నోరు మూసుకుని ఒప్పుకుంది గానీ, ఏప్రిల్ శిక్షణని తీసుకెళ్ళి డిసెంబరులో పడేసింది. అన్నీ చెరిపి మళ్ళీ మొదలుపెట్టారు.

"తర్వాతది. 'కష్టమైన సంభాషణల్లో ఎదుటివారి మాట వినడం'. ఆరు గంటలు." లక్ష్మీపతి కళ్ళజోడు పైకి తోసుకుని ఆ కాగితాన్ని మరోసారి చదివాడు. "ఇది పాసయ్యావా?"

"పాస్ కావడం ఉండదు. హాజరైతే చాలు."

"అలా చెప్పు!" అన్నాడాయన తృప్తిగా. ఆమె కూడా నవ్వేసింది.

ముగించేసరికి అన్నం చల్లారిపోయింది. మొత్తం నూట అరవై మూడు. మీట నొక్కగానే ఆకుపచ్చ గుర్తు, ఇంకో అయిదేళ్ళు. లక్ష్మీపతి చెయ్యి చాచి కరచాలనం చేశాడు. ఆమె మాత్రం స్క్రీన్ కింద ఉన్న చిన్న అక్షరాలు చదువుతోంది.

"ఏమండీ, మిగిలిన నలభై మూడు గంటలు వచ్చే అయిదేళ్ళకి కలపరట! గంగపాలేనా?"

"పోనీ ఎవరికైనా ఇచ్చెయ్."

మర్నాడు ఆమె నిజంగానే మిసెస్ కొవాల్‌స్కీని అడిగింది, నీకేమైనా గంటలు తక్కువయ్యాయా అని. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ అవసరానికి మించి ఒక్క నిమిషం శిక్షణ తీసుకోని ఆవిడ, కాఫీ ఒలికేలా నవ్వింది. "చాముండేశ్వరీ, నువ్వు ఆ నలభై మూడు గంటల్లో ఏమైనా నేర్చుకున్నావా?"

చాముండేశ్వరి ఆలోచించింది. "చాలా."

"అయితే అవి ఎక్కడికి పోయాయి?"

సెప్టెంబరు మొదటి శనివారం, కాగితం మడతలతో భిన్నాలు నేర్పడం అనే శిక్షణకి పొద్దున్నే తయారై వెళ్ళింది. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే, నెల ముందు, తేదీ తర్వాత వేసి, ఆరు గంటలు ఎంటర్ చేసింది.

"ఇంకా నూట పద్నాలుగే ఉన్నాయండీ" అంది వంటింట్లోకి వస్తూ.

లక్ష్మీపతి చారులో పోపు వేస్తున్నాడు. "ఎన్నాళ్ళుంది టైము?"

"నాలుగేళ్ళ పదకొండు నెలలు."

"అయితే అన్నం తినేసి కంగారు పడదాం" అన్నాడాయన.